చిన్న గెలాక్సీల నడిబొడ్డున ఏముంది?

(సైన్స్ విద్యార్థులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతప్రతి. మాట్లాడిన తీరు అలాగే ఉంచాం. ఒకటికి రెండుసార్లు చెప్పినవి మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మొదటి ప్రసంగం నాకు ఇచ్చారు. మీలో ఎవరికైనా కునుకు పడితే నన్ను అనొద్దు, పులిహోరను అనండి. (నవ్వులు)

కృష్ణబిలం అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. వెలుగు కూడా బయటపడలేనంతగా పదార్థం ఒకచోట కుంచించుకుపోతే అది కృష్ణబిలం. నేను బ్లాక్ హోల్ అని కూడా అంటుంటాను, రెండూ ఒకటే. మన పాలపుంత నడిబొడ్డున ఒకటి ఉంది. ధనురాశి దిక్కున, ఇక్కడికి సుమారు 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో, 43 లక్షల సూర్యుల బరువుతో. దాని చుట్టూ తిరిగే నక్షత్రాలను పాతికేళ్ళకు పైగా ఓపిగ్గా గమనిస్తే ఆ సంగతి తేలింది. ఎస్2 అనే నక్షత్రం 16 ఏళ్ళకోసారి దాన్ని చుట్టివస్తుంది. ఎంత దూరంలో, ఎంత కాలంలో తిరుగుతోందో తెలిస్తే నడుమ ఉన్నదాని బరువెంతో కెప్లర్ సూత్రంతో ఇంటర్ విద్యార్థి కూడా లెక్కకట్టగలడు. ఆ పనికే 2020లో గెంజెల్, గెజ్ నోబెల్ అందుకున్నారు. ఇక 2019లో పేపర్లన్నిట్లో నారింజ రంగు ఉంగరంలా అచ్చయిన ఫొటో చూశారు కదా, అది ఎం87 అనే గెలాక్సీ నడుమ ఉన్నది. దాని బరువు 650 కోట్ల సూర్యులంత.

పెద్ద గెలాక్సీల విషయంలో ఇక పెద్దగా వాదన లేదు. దేన్ని చూసినా నడుమ ఒకటుంటుంది. ఇవాళ నేను మాట్లాడబోయేది చిన్నవాటి గురించి. మరుగుజ్జు గెలాక్సీలంటాం. పాలపుంతలో నక్షత్రాలన్నీ కలిపితే 5, 6 వేల కోట్ల సూర్యుల బరువు ఉంటుందనుకుంటే, వీటిలో 300 కోట్లకు మించదు. చాలావాటిలో అంతకంటే ఎంతో తక్కువ. విశ్వంలో గెలాక్సీలను లెక్కపెడితే ఎక్కువ ఇవే. మరి వీటి నడుమ కూడా కృష్ణబిలం ఉందా? అన్నిట్లో ఉందా, కొన్నిట్లోనే ఉందా? చూడ్డానికి ఇది జనాభా లెక్కల ప్రశ్న. కానీ దీని జవాబులో కృష్ణబిలాలు అసలు ఎలా పుట్టాయన్న సంగతి దాగి ఉంది. అదెలాగో ముందు చెప్తాను, ఎందుకంటే అది తెలియకపోతే మిగతాదంతా వేటగాళ్ళ కథలా ఉంటుంది.

కృష్ణబిలానికి తిండి ఎంత దొరికినా, తినడానికి ఒక హద్దుంది. లోపలికి పడుతున్న వాయువు సుళ్ళు తిరుగుతూ వేడెక్కి వెలుగు చిమ్ముతుంది. ఆ వెలుగే వెనక వచ్చే వాయువును బయటికి తోస్తుంది. దీన్ని ఎడింగ్టన్ హద్దు అంటారు. 1935లో లండన్ సభలో మన చంద్రశేఖర్‌ను నలుగురిలో ఎగతాళి చేసిన ఎడింగ్టనే. ఆ చంద్రశేఖర్ పేరు పెట్టిన చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపు 1999 నుంచి ఆకాశంలో ఉంది, దానితో ఇవాళ కృష్ణబిలాలు ఎడింగ్టన్ హద్దులో ఎన్నో వంతు తింటున్నాయో కొలుస్తున్నారు. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా భలే సరదాగా ఉంటుంది.

సరే, ఆ హద్దు మీద అస్తమానం తింటూ కూర్చుంటే కృష్ణబిలం బరువు రెట్టింపు కావడానికి సుమారు 3 కోట్ల ఏళ్ళు పడుతుంది. ఇప్పుడు లెక్క వేయండి. విశ్వం పుట్టిన తొలినాళ్ళ భారీ నక్షత్రం ఒకటి చచ్చి 100 సూర్యుల కృష్ణబిలం మిగిల్చిందనుకుందాం. 2017లో ఒక క్వేసార్ దొరికింది. నడిమి కృష్ణబిలం జోరుగా తింటూ గెలాక్సీ మొత్తాన్ని మించి వెలిగిపోతే దాన్ని క్వేసార్ అంటాం. విశ్వానికి 69 కోట్ల ఏళ్ళ వయసున్నప్పటిది. దాని నడుమ కృష్ణబిలం 80 కోట్ల సూర్యులంత. 100 నుంచి 80 కోట్లకు వెళ్ళాలంటే ఎన్నిసార్లు రెట్టింపు కావాలి? ఎవరైనా చెప్పండి. ఇరవై మూడు, కరెక్ట్. ఇరవై మూడును మూడుతో హెచ్చిస్తే 69 కోట్ల ఏళ్ళు. అంటే బిగ్ బ్యాంగ్ జరిగిన రోజునే పుట్టి, ఒక్క పూట కూడా పస్తుండకుండా తిని ఉండాలి. తొలి నక్షత్రాలు పుట్టడానికే 10 కోట్ల ఏళ్ళో, అంతకంటే ఎక్కువో పడుతుంది. లెక్క కుదరదు.

కుదరాలంటే, ఒకటి, హద్దు దాటి తిని ఉండాలి. లేదా పుట్టుకతోనే బరువుగా ఉండాలి. రెండో దారి ఏమిటంటే, తొలినాళ్ళలో హైడ్రోజన్, హీలియం తప్ప ఇంకేమీ లేని పెద్ద మేఘం ఒకటి, ముక్కలై నక్షత్రాలు కాకుండా, మొత్తంగా కూలిపోయి పది వేలో లక్షో సూర్యుల బరువున్న కృష్ణబిలం అయిపోవడం. ఇలా జరగాలంటే ఆ మేఘం చల్లబడకూడదు. చల్లబడితే ముక్కలవుతుంది. పక్కనే ఉన్న గెలాక్సీ నుంచి అతినీల కిరణాలు వచ్చిపడి హైడ్రోజన్ అణువులను విడగొడుతూ ఉండాలి, భారమూలకాల, అంటే హీలియం కన్నా బరువైనవాటి, మచ్చ కూడా ఉండకూడదు. ఇన్ని కలిసిరావడం అరుదు. 2023లో వెబ్, చంద్ర టెలిస్కోపులు కలిపి చూసిన యూహెచ్‌జడ్1 అనే గెలాక్సీ ఈ దారికి పెద్ద సాక్ష్యంగా వచ్చింది. విశ్వానికి 47 కోట్ల ఏళ్ళప్పటిది. అందులో కృష్ణబిలం బరువు, మొత్తం నక్షత్రాల బరువుకు పోటీగా ఉంది. ఇలాంటివి ఉంటాయని యేల్ విశ్వవిద్యాలయంలోని ప్రియంవద నటరాజన్ బృందం ముందే లెక్కగట్టి చెప్పింది.

చిన్న గెలాక్సీలు ఇక్కడే పనికొస్తాయి. పెద్ద గెలాక్సీలు ఎన్నో గెలాక్సీలను మింగి, వాటి కృష్ణబిలాలను తమ కృష్ణబిలంలో కలిపేసుకుని ఇంతవి అయ్యాయి. వాటిలో పుట్టుక ఆనవాలు ఎప్పుడో చెరిగిపోయింది. చిన్నవి ఎవరి జోలికీ పోలేదు, పెద్దగా తినలేదు. వాటిలో కృష్ణబిలం ఉంటే అది పుట్టినప్పటి బరువుకు దగ్గరగానే ఉంటుంది. తొలి నక్షత్రాల శవాలే విత్తనాలైతే, నక్షత్రాలు లేని గెలాక్సీ ఉండదు కాబట్టి దాదాపు ప్రతి చిన్న గెలాక్సీలోనూ ఒకటుండాలి. భారీ మేఘాలు కూలి పుట్టినవే అయితే కొన్నిట్లోనే ఉండాలి, ఎందుకంటే ఆ పరిస్థితులు అందరికీ దొరకవు. కాబట్టి ఎన్ని గెలాక్సీల్లో ఉందో లెక్కపెడితే, 1,300 కోట్ల ఏళ్ళ కిందట జరిగిన పుట్టుక ఎలాంటిదో చెప్పొచ్చు.

లెక్కపెట్టడమేగా అంటారేమో. అక్కడే ఉంది తిరకాసు.

పాలపుంతలో చేసినట్టు నక్షత్రాల కదలిక చూసి బరువు కొలుద్దాం అనుకోండి. ఒక కృష్ణబిలం ఆకర్షణ దాని చుట్టూ కొంత దూరం వరకే పెత్తనం చేస్తుంది. ఆ తర్వాత గెలాక్సీ నక్షత్రాలదే రాజ్యం. లక్ష సూర్యుల కృష్ణబిలం, చుట్టూ నక్షత్రాలు సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో అటూ ఇటూ తిరుగుతున్నాయనుకుంటే, ఆ పెత్తనం ఒకటిన్నర కాంతి సంవత్సరం దూరం దాకా. గెలాక్సీ మనకు కోటి కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే, అది కూడా దగ్గరి చుట్టమనే అనుకోవాలి, ఆ ఒకటిన్నర కాంతి సంవత్సరం ఆకాశంలో 0.03 ఆర్క్ సెకన్లు. ఒక డిగ్రీలో 3,600వ వంతు ఆర్క్ సెకను, అందులో మళ్ళీ నూటికి మూడు వంతులు. హబుల్ టెలిస్కోపు విడదీసి చూపగలిగేది 0.05 దాకా. కాబట్టి ఈ పద్ధతి మన ఇరుగుపొరుగు గెలాక్సీల దగ్గరే ఆగిపోతుంది.

ఆ ఇరుగుపొరుగులో కూడా ఆశ్చర్యాలు ఉన్నాయి. ఎం33 అని, ఆండ్రోమెడా పక్కన ఉండే గెలాక్సీ. పాలపుంత, ఆండ్రోమెడా తర్వాత మన గుంపులో మూడోది. నిజానికి అది మరీ మరుగుజ్జేమీ కాదు. నడుమ నక్షత్రాల గుంపు బిగువుగా ఉంది. 2001లో హబుల్‌తో చూశారు. కృష్ణబిలం ఉంటే గింటే 1,500 సూర్యులకు మించి ఉండదని తేలింది. పాలపుంతలో 43 లక్షలు, దీనిలో 1,500 కూడా లేదు! మరోపక్క ఆండ్రోమెడాకే చెందిన ఎం32 అని ఇంకో చిన్న గెలాక్సీ ఉంది, అందులో సుమారు 25 లక్షల సూర్యుల కృష్ణబిలం ఉంది. పక్కపక్క ఇళ్ళే, ఇంత తేడా. అందుకే ఒకటి రెండు గెలాక్సీలు చూసి తీర్పు చెప్పేయడం కుదరదు. వందలు, వేలు చూడాలి.

వేలు చూడాలంటే వెలుగును పట్టుకోవాలి. కృష్ణబిలం తానుగా వెలగదు గానీ, తినేటప్పుడు చుట్టూ ఉన్న వాయువు వెలుగుతుంది. 1989లో ఫిలిపెంకో, సార్జెంట్ ఎన్‌జీసీ 4395 అనే గెలాక్సీ వర్ణపటం తీశారు. వర్ణపటం అంటే వెలుగును రంగురంగులుగా విడదీసిన పట్టీ, అందులో ఒక్కో మూలకానికి దాని సొంత గీతలుంటాయి. మనకు సుమారు కోటీ 40 లక్షల కాంతి సంవత్సరాల దూరం. చప్పిడి గెలాక్సీ, నడుమ ఉబ్బు కూడా లేదు. కృష్ణబిలానికీ ఆ నడిమి ఉబ్బుకూ లంకె ఉంటుందని తర్వాత చాలామంది నమ్మారు, ఆ లెక్కన దీనిలో ఏమీ ఉండకూడదు. కానీ వర్ణపటంలో హైడ్రోజన్ గీత వెడల్పుగా పరుచుకుని ఉంది. వెడల్పు అంటే వేగం. వాయువు సెకనుకు వందల, వేల కిలోమీటర్ల వేగంతో దేని చుట్టూనో తిరుగుతోందన్నమాట.

ఈ గెలాక్సీ మీద జరిగిన ఒక కొలత నాకు ఎంతో ఇష్టం, కాస్త వివరంగా చెప్తాను. కృష్ణబిలానికి మరీ దగ్గరి పదార్థం వెలుగు నిలకడగా ఉండదు, మిణుకుమిణుకుమంటుంది. ఆ మిణుకు బయటికి ప్రయాణించి, దూరంగా తిరుగుతున్న హైడ్రోజన్ మేఘాలకు తగిలాక, అవి కూడా మిణుకుమంటాయి. రెంటికీ మధ్య ఎంత ఆలస్యమైతే అన్ని కాంతి నిమిషాల దూరంలో ఆ మేఘాలు ఉన్నట్టు. పెద్ద క్వేసార్లలో ఈ ఆలస్యం నెలలు, ఏళ్ళు. 2019లో దక్షిణ కొరియా సియోల్ జాతీయ విశ్వవిద్యాలయం వాళ్ళు నడిపించిన బృందం ఎన్‌జీసీ 4395లో కొలిస్తే వచ్చింది 83 నిమిషాలు. ఎనభై మూడు నిమిషాలండీ! సూర్యుడి వెలుగు శనిగ్రహం చేరడానికి దాదాపు అంతే పడుతుంది. ఒక గెలాక్సీ గుండెకాయ మన సౌరకుటుంబంలో పట్టేస్తుంది. దాన్నుంచి బరువు కడితే సుమారు 10 వేల సూర్యులు.

కానీ ఇదే గెలాక్సీకి 2005లో హబుల్‌తో, కార్బన్ గీత పట్టుకుని కొలిచినప్పుడు 3 లక్షల 60 వేల సూర్యులని వచ్చింది. ముప్పై ఆరు రెట్ల తేడా. ఏ మేఘం వేగం తీసుకున్నాం, అవి ఎలా పరుచుకుని ఉన్నాయని ఊహించాం అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. పేపర్లో ఫలానా కృష్ణబిలం బరువు ఇంత అని చదివినప్పుడు, చిన్నవాటి విషయంలో ఆ అంకెకు అటూ ఇటూ బోలెడు జాగా ఉంచుకోవాలి.

ఇక జనాభా లెక్కలు. ఆకాశాన్ని వరసగా కొలుచుకుంటూ వెళ్ళిన స్లోన్ సర్వే లక్షల గెలాక్సీల వర్ణపటాలు తీసి అందరికీ ఉచితంగా పెట్టింది. 2004 నుంచి జెన్నీ గ్రీన్, లూయిస్ హో అందులో చిన్న కృష్ణబిలాలను వెతికారు. 2013లో ఎమీ రైన్స్ అనే శాస్త్రవేత్త బృందం సుమారు 25 వేల మరుగుజ్జు గెలాక్సీలు జల్లెడ పడితే ఆనవాళ్ళు కనిపించినవి నూట యాభై దాకా. అంటే నూటికి ఒకటి కూడా కాదు, అర. అందులోంచే ఆర్‌జీజీ 118 అనే గెలాక్సీలో 2015లో 50 వేల సూర్యుల కృష్ణబిలం బయటపడింది.

ఎలా వెతుకుతారంటే, ఆక్సిజన్, హైడ్రోజన్, నైట్రోజన్ గీతల ఎత్తుల నిష్పత్తి చూస్తారు. కుర్ర నక్షత్రాల వెలుగు వాయువును ఒక తీరుగా వెలిగిస్తుంది, కృష్ణబిలం దగ్గరి ఘాటైన కిరణాలు మరో తీరుగా. ఇది పెద్ద గెలాక్సీల్లో చక్కగా పనిచేస్తుంది. చిన్నవాటిలో నైట్రోజనే తక్కువ. భారమూలకాలు వండేందుకు వాటికి అంత చరిత్ర లేదు. దాంతో కృష్ణబిలం ఉన్నా కూడా అది నక్షత్రాల ఖాతాలో పడిపోతుంది. అదొక చిక్కు. రెండోది, వెడల్పు గీత కనపడగానే కృష్ణబిలమని సంబరపడితే, అది సూపర్‌నోవా కావచ్చు. పేలిన నక్షత్రం పొట్టు కూడా వేల కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. వాపును చూసి బలుపనుకున్నట్టు. కొన్నేళ్ళాగి మళ్ళీ వర్ణపటం తీస్తే, నక్షత్రాలు ముమ్మరంగా పుడుతున్న గెలాక్సీల్లో అలాంటి గీతలు చాలావరకు మాయమైపోయాయి. కృష్ణబిలం అయితే అలా మాయమవదు.

ఈ మధ్య వచ్చిన పెద్ద మార్పు డెసి. అరిజోనాలో కిట్ పీక్ మీద 4 మీటర్ల మేయాల్ టెలిస్కోపుకు తగిలించిన పరికరం. 5 వేల చిన్న రోబోలు, ఒక్కొక్కటీ ఒక ఫైబర్ తీగను ఒక్కో గెలాక్సీ మీదికి తిప్పి పట్టుకుంటాయి. 2025లో యూటా విశ్వవిద్యాలయం నుంచి రాగదీపిక పుచ్చా మొదటి రచయితగా వచ్చిన పరిశోధనలో లక్షా 15 వేల దాకా మరుగుజ్జు గెలాక్సీలు చూశారు. సుమారు 2,500 వాటిలో చురుకైన కృష్ణబిలం ఆనవాళ్ళున్నాయి. నూటికి రెండు. స్లోన్‌లో అర, ఇక్కడ రెండు. గెలాక్సీలేమీ మారలేదు కదా, మరి ఎందుకు పెరిగింది? ఒక కారణం తీగ మందం. స్లోన్ తీగ ఆకాశంలో 3 ఆర్క్ సెకన్ల వెడల్పు గుండ్రాన్ని చూసేది, డెసి తీగ ఒకటిన్నర. చుట్టుపక్కల నక్షత్రాల వెలుగు తక్కువగా కలుస్తుంది, నడిమి వెలుగు తేటగా వస్తుంది. నాలుగు రెట్లు తేడా తేవడానికి ఇలాంటి చిన్న వివరం కూడా ఒక చెయ్యి వేస్తుంది. ఇంకో వింత, ఆ పరిశోధనలోనే మధ్యరకం బరువున్న, అంటే నక్షత్రాల శవాలకూ పెద్ద గెలాక్సీల నడుమ ఉన్నవాటికీ మధ్యన ఉండే కృష్ణబిలాలు 300 దాకా దొరికాయి. అవన్నీ చిన్న గెలాక్సీల్లోనే ఉండాలి కదా అనుకుంటాం. ఈ 300లోనూ, ఆ 2,500 మరుగుజ్జుల్లోనూ ఉన్నవి 70 మాత్రమే.

అయితే ఇవి ఇంకా అభ్యర్థులే. ఇల్లలకగానే పండగ కాదు, ఒక్కొక్కదాన్నీ విడిగా చూసి తేల్చాలి.

(సభలోంచి ఒక విద్యార్థిని: సార్, తినకుండా ఊరికే ఉన్నవాటి సంగతేంటి?)

అసలు ప్రశ్న అడిగావమ్మా. ఇప్పటిదాకా చెప్పినవన్నీ తింటున్నవాటిని పట్టే పద్ధతులు. పాలపుంతలోదే చూడు, అది దాదాపు పస్తులుంటోంది. దూరపు గెలాక్సీ నుంచి ఎవరైనా మన వర్ణపటం తీస్తే, ఇక్కడ కృష్ణబిలం ఉందని ఆ గీతల్లో ఏమీ కనపడదు. నివురుగప్పిన నిప్పు. నూటికి రెండు అంటే రెంటిలోనే ఉందని కాదు, కనీసం రెంటిలో ఉందని. పై హద్దు అది చెప్పలేదు. నా దృష్టిలో ఈ రంగంలో కష్టమంతా ఇదే. లేదు అన్నదానికీ, ఉంది గానీ ఊరుకుంది అన్నదానికీ తేడా ఎలా చెప్పాలి?

ఎక్స్‌రేలు కొంత నయం. పస్తులున్న కృష్ణబిలం కూడా కాస్తో కూస్తో ఎక్స్‌రే విదుల్చుతుంది. చిక్కల్లా, మామూలు నక్షత్రాల జంటల్లో ఉండే బుల్లి కృష్ణబిలాలు, న్యూట్రాన్ తారలు, అంటే పేలిన నక్షత్రాల బిగువైన గుండెలు కూడా అంతే ఎక్స్‌రే ఇస్తాయి. అయినా చంద్ర టెలిస్కోపు రెండు దశాబ్దాల్లో చూసిన 1,600 పైచిలుకు గెలాక్సీలను మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫాన్ జౌ బృందం కలిపి లెక్కించింది. ఫలితం 2025 చివర్లో వచ్చింది. పెద్ద గెలాక్సీల్లో నూటికి తొంభైకి పైగా కృష్ణబిలం ఉంది. చిన్నవాటిలో ముప్పై. చిన్న కృష్ణబిలం తక్కువ తింటుంది, మసకగా ఉంటుంది, అందుకే కనపడలేదేమో అన్న అనుమానం వాళ్ళకూ వచ్చింది. ఎంత మసకబారాలో లెక్కగట్టి చూశారు. ఆ మసకతనం లెక్కలోకి తీసుకున్నాక కూడా లోటు మిగిలింది. అంటే చాలావాటిలో నిజంగానే లేవని. భారీ మేఘాలు కూలి పుట్టిన దారికే ఇది మొగ్గు. ఆ ముప్పై అన్న అంకె రేపు ఇరవయ్యో నలభయ్యో కావచ్చు. కానీ చిన్నవాటిలో తక్కువ అన్న దిశ మీద నాకు నమ్మకం కుదిరింది.

రేడియో సంగతి త్వరగా చెప్తాను. హెనైజ్ 2-10 అని, 3 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒక చిన్న గెలాక్సీ. పిట్ట కొంచెం కూత ఘనం. నక్షత్రాలు మహా జోరుగా పుడుతున్నాయి. 2011లో రైన్స్ అందులో రేడియో, ఎక్స్‌రే రెండూ ఒకేచోట నుంచి వస్తున్నాయని పట్టుకున్నారు. చాలామంది సూపర్‌నోవా శిథిలం అన్నారు. పదేళ్ళ వాదన. 2022లో హబుల్ వర్ణపటాలతో చూస్తే, ఆ బిందువు నుంచి దాదాపు 500 కాంతి సంవత్సరాల పొడవున వాయువు ధార ఊగుతూ బయటికి వస్తోంది, అది తగిలిన చోట కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. కృష్ణబిలం నక్షత్రాల పుట్టుకను ఆపుతుందని మనం పాఠం చెప్తాం, ఇక్కడ పురుడు పోస్తోంది. తర్వాత రైన్స్ బృందమే న్యూమెక్సికోలోని వీఎల్‌ఏ రేడియో టెలిస్కోపుతో 111 మరుగుజ్జు గెలాక్సీలు చూసి 13 చోట్ల కృష్ణబిలం ఆనవాళ్ళు కనుక్కుంది. అందులో కొన్ని నడుమ లేనే లేవు, ఓ పక్కకు ఉన్నాయి. చిన్న గెలాక్సీకి ఆకర్షణ తక్కువ, కృష్ణబిలాన్ని నడుమ కట్టిపడేసే బలం దానికి లేదు. ఇవాళ్టి నా ప్రసంగం పేరులో నడిబొడ్డు అని పెట్టాను గానీ, నడిబొడ్డులో మాత్రమే వెతికితే కొన్ని తప్పిపోతాయి.

ఇప్పుడు మనందరం కంటితో చూడగలిగిన చోటికి వద్దాం. మే నెల మధ్యలో రాత్రి పది గంటల ప్రాంతంలో, ఊరి దీపాలకు దూరంగా వెళ్ళి దక్షిణం వైపు తిరగండి. చిత్త నక్షత్రం తెలుసుగా, దాన్నుంచి తిన్నగా కిందికి రండి. హైదరాబాద్ నుంచి అయితే దిగంతానికి ఓ పాతిక డిగ్రీల ఎత్తున మసక చుక్క ఒకటి కనిపిస్తుంది. బైనాక్యులర్‌లో దూది ఉండలా ఉంటుంది. అది ఒమెగా సెంటారి. సుమారు 18 వేల కాంతి సంవత్సరాల దూరంలో కోటి దాకా నక్షత్రాలు. పేరుకు గోళాకార గుచ్ఛమే, అంటే బంతిలా గుమికూడిన నక్షత్రాల గుంపే గానీ, లోపలి నక్షత్రాల వయసులు, రసాయనాలు ఒకలా లేవు. ఎప్పుడో పాలపుంత ఒక మరుగుజ్జు గెలాక్సీని మింగితే, అరగని నడిమి గింజ అదేనని ఎక్కువమంది నమ్మకం. అయితే ఆ గింజలో కృష్ణబిలం ఉండాలి కదా?

2008లో ఉందన్నారు, 40 వేల సూర్యులని. 2010లో లేదన్నారు, గుచ్ఛం నడుమ ఎక్కడో గుర్తించడంలోనే తేడా ఉందని. 2024లో మాక్సిమిలియన్ హేబర్లె బృందం హబుల్ 20 ఏళ్ళలో తీసిన 500 పైచిలుకు ఫొటోలు ముందేసుకుని 14 లక్షల నక్షత్రాల కదలిక కొలిచింది. ఆ ఫొటోల్లో చాలావరకు పరికరాలను సరిచూసుకోవడానికి తీసినవే, సైన్స్ కోసం కూడా కాదు. నడుమ కాంతి సంవత్సరంలో పావు వంతు జాగాలో ఏడు నక్షత్రాలు ఉండాల్సిన దానికన్నా జోరుగా పరుగెడుతున్నాయి. అక్కడ సెకనుకు 62 కిలోమీటర్లు దాటితే గుచ్ఛం వదిలి పారిపోవాలి. ఈ ఏడూ దాటాయి, కానీ పారిపోలేదు, అక్కడే ఉన్నాయి. వాటిని పట్టి ఉంచాలంటే నడుమ కనీసం 8,200 సూర్యుల బరువుండాలని లెక్క తేలింది.

తేలిపోయిందా? లేదు. గుచ్ఛంలోని పల్సార్లు (గిర్రున తిరుగుతూ రేడియో మిణుకులు పంపే న్యూట్రాన్ తారలు), నక్షత్రాల వేగాలు కలిపి లెక్కవేసిన మరో బృందం, ఒక్క పెద్ద కృష్ణబిలం కాదు, చిన్నచిన్న కృష్ణబిలాల గుంపు అక్కడ చేరి ఉండొచ్చు అంది. రేడియోలో ఎంతసేపు చూసినా చప్పుడు లేదు. నాకైతే ఆ ఏడు నక్షత్రాల వాదనే బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే గుంపు అయితే పరుచుకుని ఉంటుంది, అంత ఇరుకు జాగాలో వేగం పుట్టించడం కష్టం. అవి వంగి తిరగడం మొదలుపెడితే, అంటే వేగం మారడం కొలవగలిగితే, వాదన ముగుస్తుంది.

మెల్‌బోర్న్‌లోనో ఆక్లాండ్‌లోనో ఉన్న మన పిల్లలకు ఇంకోటి కనిపిస్తుంది, మనకు ఇక్కణ్ణుంచి దాదాపు కనపడదు. పెద్ద మెగెల్లాన్ మేఘం. 1,60,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న మరుగుజ్జు గెలాక్సీ. 2025లో దీని గురించి తమాషా వాదన వచ్చింది. పాలపుంత అంచుల్లో కొన్ని నక్షత్రాలు అసాధారణ వేగంతో పారిపోతున్నాయి. జంట నక్షత్రాలు కృష్ణబిలం దగ్గరికి వెళ్తే ఒకటి చిక్కుకుని రెండోది ఒడిసెల రాయిలా ఎగిరిపోతుంది. గయా ఉపగ్రహం కొలతలతో వాటి దారులు వెనక్కి నడిపిస్తే, సగం దాకా పాలపుంత నుంచి కాదు, ఆ మేఘం నుంచి వచ్చాయి. విసిరినవాడు అక్కడ ఉండాలి. బరువు సుమారు 6 లక్షల సూర్యులని అంచనా.

(మరో విద్యార్థి: సార్, ఎం33లో ఉండీ పోయిందా, మొదటినుంచీ లేదా?)

రెండూ కుదురుతాయి. రెండు కృష్ణబిలాలు కలిసిపోయినప్పుడు గురుత్వ తరంగాలు ఒకవైపు ఎక్కువగా వెళ్తే, కలిసినది ఎదురువైపు తన్నుకుని పోతుంది. ఆ వేగం సెకనుకు వందల కిలోమీటర్లు ఉండొచ్చు. పెద్ద గెలాక్సీ పట్టి ఉంచుతుంది, చిన్నది వదిలేస్తుంది. లేదా భారీ మేఘం అక్కడ ఎప్పుడూ కూలలేదు. దీన్ని తేల్చగల సాధనాలు వస్తున్నాయి. చిలీలో కడుతున్న 39 మీటర్ల అద్దమున్న ఈఎల్‌టీ టెలిస్కోపు 0.01 ఆర్క్ సెకను దాకా విడదీయగలదు, ఇందాక మన లెక్కలో 0.03 కావాలి, గుర్తుందా? గురుత్వ తరంగాలను పట్టే యూరప్ వాళ్ళ లీసా 2030ల మధ్యలో అంతరిక్షంలోకి వెళ్తే లక్ష సూర్యుల కృష్ణబిలాలు కలిసిపోయే చప్పుడు నేరుగా వినొచ్చు. దానికి తిండితో పని లేదు, నివురుతో పని లేదు. నక్షత్రం ఒకటి కృష్ణబిలం దగ్గరికెళ్ళి చీలిపోయినప్పుడు కొన్ని వారాలు మెరిసే మెరుపులను పట్టడానికి చిలీలోనే రూబిన్ టెలిస్కోపు 2025లో కళ్ళు తెరిచింది. చిన్న కృష్ణబిలమైతే ఆ మెరుపు త్వరగా ఎక్కుతుంది, కాబట్టి ఎక్కే తీరే బరువు చెప్తుంది.

(అదే విద్యార్థి: మేం డిగ్రీలో ఉన్నాం. మేం చేయగలిగింది ఏమైనా ఉందా?)

ఉంది. స్లోన్ వర్ణపటాలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితం. డెసి మొదటి విడత కూడా 2025 మార్చి నుంచి ఉచితం. రైన్స్ పట్టికలోంచి ఏదో ఒక గెలాక్సీ తీసుకోండి. వర్ణపటం దించుకుని నాలుగు గీతలు గుర్తుపట్టండి. 4861 దగ్గర హైడ్రోజన్, 5007 దగ్గర ఆక్సిజన్, 6563 దగ్గర మళ్ళీ హైడ్రోజన్, దాన్ని ఆనుకుని 6583 దగ్గర నైట్రోజన్. అన్నీ తరంగదైర్ఘ్యాలు, ఆంగ్‌స్ట్రామ్‌లలో, అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతుల్లో. గెలాక్సీ దూరం వల్ల అన్నీ ఎరుపు వైపు కాస్త జరిగి ఉంటాయి, ముందు అది సరిచేయండి. ఆక్సిజన్‌ను మొదటి హైడ్రోజన్‌తో, నైట్రోజన్‌ను రెండో హైడ్రోజన్‌తో భాగించి గ్రాఫ్ మీద చుక్క పెట్టండి. పక్కనే, కుర్ర నక్షత్రాలు తప్ప ఏమీ లేని మామూలు గెలాక్సీ ఒకదానికి కూడా అదే చేసి ఇంకో చుక్క పెట్టండి. రెండు చుక్కలూ పక్కపక్కనే పడితే కంగారు పడొద్దు. నైట్రోజన్ ఎంత తక్కువగా ఉందో చూసి, నాకు మెయిల్ పెట్టండి.